పక్క గది గురించి నేను రాసిన వాక్యం

మా ఊరు బోధన్‌కు దగ్గర. అక్కడి హైస్కూల్లో నేను సాంఘికశాస్త్రం చెప్పేవాణ్ణి. తొంభైల మొదట్లో ఊరి వర్తక సంఘం వాళ్లు మెయిన్ రోడ్డు మీది పాత కట్టడాల చరిత్రను పుస్తకంగా వేద్దామనుకొని, ఆ పని నాకు అప్పగించారు. నా పేరు అచ్చులో చూసుకోవాలని చాలాకాలంగా ఆశ ఉండేది. ఎండాకాలం సెలవులన్నీ దానికే పెట్టాను. బస్టాండు నుంచి చక్కెర ఫ్యాక్టరీ దాకా ప్రతి దుకాణం మెట్లెక్కి, ఎవరు కట్టించారు, ముందు ఏం అమ్మేవారు అని అడిగి రాసుకున్నాను. ఫోటో స్టూడియో ఒకప్పుడు బెల్లం గోదాం. హోటలున్న చోట టాంగా గుర్రాలను కట్టేసేవారట.

అన్నిటిలోకి అందమైనది బట్టల దుకాణం ఉన్న రెండంతస్తుల మేడ. రాతి కమానులు, టేకు చెక్క బాల్కనీ. దాని గోడకు ఆనుకొని ఒక చిన్న గది ఉండేది. అందులో అరవై దాటిన ఒంటరి మనిషి జాకెట్లు కుట్టేది. ఆదివారం చర్చికి తప్ప గది తలుపు మూసేది కాదు. అందరూ అవ్వ అనేవారు. ఆ మేడ కట్టిన మేస్త్రీ ఆమె తండ్రేనని ఆమె చెప్తేనే తెలిసింది. పై కమాను పెడుతుండగా ఆయన కిందపడి నడుము విరగ్గొట్టుకున్నాడట. ఇక పని చేయలేడని అప్పటి యజమాని ఆ గదిని ఆయనకూ పిల్లలకూ ఇచ్చేశాడు. కాగితం లేదు, నోటిమాటే.

అదంతా రాశాను. అయితే వర్తక సంఘం అధ్యక్షుడు ఆ బట్టల దుకాణం యజమానే, మేడ కట్టించినాయన మనవడు. ప్రెస్సుకు పంపేముందు ఫ్యాను కింద కుర్చీ వేయించి నన్ను కూర్చోబెట్టాడు. మేస్త్రీ సంగతి తీసేయమన్నాడు. ఆ గది మొదటినుంచీ దుకాణం గోదామేనని రాయమన్నాడు.

"గా ఒక్క ముక్క మార్చుండ్రి సారూ. ఎల్లుండి ప్రెస్సుకు పోతది."

నేను జేబులోంచి పెన్ను తీసి అక్కడికక్కడే కొట్టేశాను. ఆయన చెప్పిన వాక్యాన్ని ఇంకొంచెం అందంగా రాశాను కూడా.

పుస్తకం వచ్చింది. నాకు శాలువా కప్పారు. అవ్వకు చదవడం రాదు. ఒక ప్రతి తెప్పించుకొని, తన తండ్రి గురించి ఏ పేజీలో ఉందని అడిగింది. తీరిగ్గా వచ్చి చదివి వినిపిస్తానన్నాను. ఆ తర్వాత ఆ గది ముందు నడవడం మానేశాను.

నాలుగైదేళ్లకు మేడ పడగొట్టి షట్టర్ల కాంప్లెక్సు కట్టాలని యజమాని గది ఖాళీ చేయమన్నాడు. ఆమె కదలనంది. పెద్దమనుషులు కూర్చున్నారు. నన్నూ పిలిపించారు. యజమాని నా పుస్తకం తెరిచి ఆ వాక్యం చదివించాడు. అవ్వ కంగారుపడలేదు. నా వైపు తిరిగింది.

"నేను చెప్పిందంత మీరే రాసుకున్నరు గద సారూ. జర వీళ్లకు చెప్పుండ్రి."

అందరూ నన్నే చూశారు.

"అప్పుడు విన్నదాన్నిబట్టి రాసిన," అన్నాను.

ఎవరి దగ్గర విన్నానో చెప్పలేదు. ఎవరూ అడగలేదు. వారం తిరిగేలోపు ఆమె కుట్టుమిషను ఆటోలో వేసుకొని భీమ్‌గల్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఆ నెలలోనే మేడ కూల్చారు.

ఆమె ఎదుటికి వెళ్లడానికి నాకు ఏడాది పట్టింది. అరుగు మీద కుడుతూ ఉంది. కూర్చోమని మంచినీళ్లిచ్చింది, బస్సు దొరికిందా అని అడిగింది. నేను ఏం కొట్టేశానో, ఎందుకు కొట్టేశానో అన్నీ చెప్పాను. పెద్దమనుషుల ముందు ఇప్పుడైనా ఒప్పుకుంటానన్నాను. ఆమె చేతిలోని బట్ట మడతపెట్టింది.

"గప్పుడే చెప్తే మా బాపు పేరన్న నిలుస్తుండె. గది పోతే పోతుండె," అంది. "ఇప్పుడు నాకెందుకు సారూ."

అని మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. తల ఎత్తలేదు. నేను గ్లాసు పట్టుకొని, ఎప్పుడు లేవాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను.