తాయీ చాచిన చెయ్యి

ముందే చెప్పేస్తాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. డాక్యుమెంటరీ సినిమాలకు శబ్దం రికార్డు చేయడం నా వృత్తి. అన్నేళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని బతికినవాడికి ప్రతి వింత చప్పుడు వెనకా ఏదో ఒక వదులు తీగ కనిపిస్తుంది. ఢిల్లీ ఓల్డ్ రాజిందర్ నగర్‌లో నేను అద్దెకున్న రోజుల్లో, మేడ మీద ఎవరో నడుస్తున్నారని ఇంటివాళ్లు పూజ కూడా చేయించారు. నేను పైకెక్కి చూస్తే నీళ్ల ట్యాంకు మూత గాలికి కొట్టుకుంటోంది. దాని మీద ఒక ఇటుక పెట్టాను. దయ్యం వెళ్లిపోయింది. ఇంటావిడ వారం రోజులు నాకు టీ పంపింది.

అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

డెబ్బైల చివరి మాట ఇది. నాకు కొత్తగా పెళ్లయింది. నా భార్య సుభద్ర ఇంకా తెనాలిలో పుట్టింట్లోనే ఉంది. మేడమీది ఒంటి గదిలోకి ఆమెను ఎలా తీసుకురావాలా అని నేను తటపటాయిస్తున్నాను. అప్పటికి ఆమె ఢిల్లీ ముఖం చూడలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మా యూనిట్‌కి మాథుర్ సాబ్ డైరెక్టరు. యమున అవతల, ఇప్పుడు నోయిడా అని మేడలు లేచిన వైపు, నది ఒడ్డున కొన్ని కుటుంబాలు ఎవరితోనూ సంబంధం పెట్టుకోకుండా బతుకుతున్నాయని ఆయనకు ఎవరో చెప్పారు. కరెంటు లేదు, కుళాయి లేదు, రేషను కార్డు లేదు. ఇవ్వక కాదు, వాళ్లే వద్దనుకున్నారు. ఒక ఏడు వరదొచ్చినప్పుడు పడవ పంపుతామన్నవాళ్లు నాలుగు రోజుల దాకా పంపలేదట. ఇక ఎవరి కోసమూ ఎదురుచూడకూడదని ఆ తడి ఇసుకలోనే నిశ్చయించుకున్నారు. ఏడాదికి సరిపడా గోధుమలు ఎత్తైన మట్టి గాదెల్లో దాచుకునేవాళ్లు. విత్తనాలు సీసాల్లో ఉండేవి. ప్రతి ఇంటి చూరుకీ గాలి నింపిన లారీ ట్యూబులు వేలాడేవి.

ప్రపంచానికి భయపడి పారిపోయి, ప్రళయం కోసం కాచుకు కూర్చున్న మనుషులు. ఇదీ మాథుర్ సాబ్ అనుకున్న సినిమా. అక్కడికి వెళ్లకముందే వ్యాఖ్యానం రాసేసుకున్నారు. మా వృత్తిలో అది కొత్తేమీ కాదు. నేనూ అలాంటి సినిమాలకు చాలావాటికి పనిచేసి జీతం తీసుకున్నవాణ్ణే.

తీరా వెళితే అక్కడ ఎవరూ భయపడుతున్నట్టు లేరు. ఆడవాళ్లు వేళాకోళాలాడుకుంటూ బొంతలు కుడుతున్నారు. ట్రాన్సిస్టర్‌లో సినిమా పాట మోగుతోంది. ఒకాయన సైకిలు తుడుచుకుంటున్నాడు. మాథుర్ సాబ్ ముఖం వాడిపోయింది.

ఆ గుంపుకి పెద్ద ఒక ముసలావిడ. పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. అందరూ తాయీ అనేవారు, అంటే మన పెద్దమ్మ. చనిపోయిన భర్త ఫౌజీ, పట్టాళంలో సిపాయి. కుట్టు మిషను ఆమెదే. జీపు దిగగానే రొట్టెలు తినమంది. మా యూనిట్‌లో ఒక నియమం ఉండేది, ఎవరి గురించి సినిమా తీస్తున్నామో వాళ్లింట తినకూడదని. తింటే మొహమాటం పుడుతుందనీ, మొహమాటపడితే నిజం తీయలేమనీ మాథుర్ సాబ్ సిద్ధాంతం. అందరం వద్దన్నాం. మా డబ్బాలు మేం విప్పుకుని తిన్నాం. తాయీ ముఖం చిన్నబోయింది.

తర్వాత మాథుర్ సాబ్ కుట్టు మిషను, ట్రాన్సిస్టర్, సైకిలు ఫ్రేములోకి రాకూడదన్నారు. సైకిలు దిబ్బ వెనక్కి పోయింది. మిషనూ ట్రాన్సిస్టరూ జీపెక్కాయి. మిషన్ని తాడు వేసి కట్టింది నేనే. కడుతుంటే తాయీ నా పక్కకొచ్చి నిలబడింది.

"బేటా, మా రొట్టె తినలేదు, ఠీక్ హై. ఒక్క మాట ఇవ్వు. సినిమాలో మమ్మల్ని బేచారే అనిపించకండి, అయ్యో పాపం అనిపించకండి. నేను ఇంతవరకూ ఎవరి ముందూ చెయ్యి చాచలేదు" అంది.

శబ్దం పట్టేవాడి చేతిలో ఏముంటుంది? అయినా ఆవిడ కళ్లు చూసి, సరే తాయీ, అనేశాను. అనేసి, ఎందుకన్నానా అని ఆ రోజంతా బాధపడ్డాను.

ఆఖరి షాటు ఉదయం పదకొండు దాటాక. ఖాళీ వాకిలి, ఆరిన పొయ్యి, దాని ముందు తాయీ ఒక్కతే. మిగతావాళ్లందర్నీ, పిల్లల్నీ మేకల్నీ కూడా, దిబ్బ అవతలికి పంపేశాం. వాళ్ల మాటలు వినిపించనంత దూరం. మా పనిలో ఒక పద్ధతుంది. ప్రతిచోటా ఒక నిమిషం పాటు ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా, ఆ చోటి నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకోవాలి. ఒకచోటి నిశ్శబ్దం ఇంకోచోటికి అతకదు. ఎడిటింగులో మాటల మధ్య ఖాళీల్లో వేసుకోవడానికి అది కావాలి. ఆ నిమిషం, ఆ షాటు ఒకేసారి తీద్దామన్నారు మాథుర్ సాబ్. కొత్త టేపు ప్యాకెట్టు నేనే చింపి ఎక్కించాను. క్లాప్ కొట్టారు.

నా హెడ్‌ఫోన్లలో గాలి, ఒక చిలక, అంతే. దాదాపు నిమిషం కావస్తుండగా తాయీ కుడిచెయ్యి ముందుకు చాచింది. అలాగే కాసేపు పట్టుకుంది. ఉన్నట్టుండి వేళ్లు విచ్చుకున్నాయి. పక్కకు తిరిగి నవ్వింది. మాథుర్ సాబ్ కట్ అని అరిచారు.

"తాయీజీ, ఎందుకు నవ్వారు?"

"మెహమాన్లు నవ్వించారు" అంది తాయీ.

ఏ అతిథుల గురించి అంటోందో ఎవరికీ అర్థం కాలేదు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. నా కాగితంలో నేను రాసుకున్నది ఇది: 'నిశ్శబ్దం, ఒక నిమిషం, బాగుంది.' ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

వారం తర్వాత ఎడిటింగు గదిలో కూర్చున్నాం. ఎడిటర్ బెంగాలీ పెద్దాయన, అందరికీ దాదా. మాథుర్ సాబ్‌కి ఆ షాటు చూడగానే ప్రాణం లేచొచ్చింది. నవ్వు కోసేయండి, చాచిన చెయ్యి దాకా చాలన్నారు. అక్కడికక్కడే వ్యాఖ్యానంలో ఒక వాక్యం చేర్చారు. 'ఈ చాచిన చెయ్యి మనల్ని ఏమడుగుతోంది?'

ఎవరి ముందూ చెయ్యి చాచలేదన్న మనిషిని హాలు హాలంతా ముష్టిదాన్ని చేసి చూపించబోతున్నారు. నేను మాటిచ్చాను. కానీ నాదేమో టెంపరరీ ఉద్యోగం, ఆయనేమో డైరెక్టరు. "ఆ చోటి నిశ్శబ్దం వెయ్యవయ్యా" అన్నారాయన నాతో. టేపు ఎక్కించి, క్లాప్ దగ్గర బొమ్మకీ శబ్దానికీ జత కుదిర్చాం.

నిశ్శబ్దం లేదు.

కుట్టు మిషను తిరుగుతున్న చప్పుడు. పెనం మీద అట్లకాడ గీరిన శబ్దం. పిల్లలు. ఎక్కడో దగ్గర్లోనే చిన్న గంట. ఇవన్నీ సన్నగా కాదు, పక్కనే ఉన్నంత స్పష్టంగా. తెరమీద ఖాళీ వాకిలి, ఒంటరి ముసలావిడ. ఆమె చెయ్యి చాచింది. చాచగానే ఒక ఆడగొంతు, తెలుగులో:

"ఇంకొక్కటి వేయించుకోండీ, ఆవిడ చెయ్యి నొప్పెట్టదూ?"

గంట గలగలమంది. తెరమీద తాయీ వేళ్లు సరిగ్గా అప్పుడే విచ్చుకున్నాయి. నలుగురైదుగురు ఫక్కున నవ్వారు. తాయీ పక్కకు తిరిగి నవ్వింది.

దాదా ఎడిటింగు మిషను ఆపేశారు. టేపు పాతదా అని అడిగారు. కాదన్నాను. కుట్టు మిషను ఎక్కడుందని అడిగారు. జీపులో, నేను కట్టిన తాడు కింద. మళ్లీ వేశారు. మూడుసార్లు విన్నాం. ముగ్గురం విన్నాం. నా ఒక్కడి చెవులే అయితే ఇది రాసేవాణ్ణి కాదు.

"ఏమంటోందా అమ్మాయి?" అన్నారు మాథుర్ సాబ్.

"ఇంకో రొట్టె వేయించుకోమంటోంది సార్. వడ్డించే ఆవిడ చెయ్యి నొప్పి పుడుతుందని."

ఆ గొంతు ఎవరిదని నన్ను ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణో లేదో. అది సుభద్ర గొంతు. అనుమానం లేదు. చివర్లో ఎక్కిళ్లు పడ్డట్టు నవ్వడం ఆమె ఒక్కదానికే అలవాటు. ఆ సమయానికి ఆమె తెనాలిలో ఉంది.

దాదా బొమ్మను ఆ చెయ్యి దగ్గర ఆపి కళ్లద్దాలు సర్దుకున్నారు. "మాథుర్, అడుక్కునే చెయ్యి ఇలా ఉంటుందా? బొటనవేలు పైన ఉంది చూడు. ఖాళీ చెయ్యే, కానీ ఏదో పట్టుకున్నట్టు ఉంది. ఇస్తోందయ్యా" అన్నారు.

అప్పటిదాకా నోరెత్తని నాకు ఎక్కణ్ణుంచి ధైర్యం వచ్చిందో, "వాళ్లు ఎవర్నీ ఏమీ అడగరు సార్, మొదట మనకే పెట్టబోయారు, మనమే తినలేదు" అన్నాను.

మాథుర్ సాబ్ ఆ షాటు ఇంకోసారి వేయించుకుని చూశారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరపాటు మనిషి, అంతే. చివరికి పెన్ను తీసి, 'చాచిన చెయ్యి' వాక్యం కొట్టేశారు. దానితోపాటు ప్రళయం, భయం, పారిపోవడం కూడా పోయాయి. మిగిలిన షాట్లలో పనికిరావని పక్కన పడేసిన నవ్వులన్నీ మళ్లీ వెతికించారు. సినిమా హాళ్లలో అసలు సినిమాకు ముందు మాది పది నిమిషాలు వేశారు. ఆ వాకిలి షాటు దగ్గర వ్యాఖ్యానం లేదు, ఆ శబ్దం మాత్రమే ఉంది. తెలుగు మాట ఒక్కటి దాదా తీసేశారు. నవ్వు ఉంచారు. జనం కూడా నవ్వారు. ఆ రోజు హాల్లో నేను పడ్డ సంతోషం మాటల్లో చెప్పలేను.

ఫాల్గుణంలో సుభద్ర ఢిల్లీ వచ్చింది. ఒంటి గది చూసి, ఇంతకేనా, నేను ఇంకా చిన్నదేమో అనుకున్నా, అంది. నేను ఇన్నాళ్లు అనవసరంగా తటపటాయించాను. టేపు సంగతి ఆమెకు చెప్పలేదు. కొత్త కాపురం, ఊరు కాని ఊరు, భయపెట్టడం ఎందుకని. నిజానికి నేనే దాన్ని ఏదో సాంకేతిక లోపం కింద జమకట్టి తోసేయాలని చూస్తున్నాను.

ఒక ఆదివారం తాయీకి సినిమా కబురు చెప్పి వద్దామని ఇద్దరం బయల్దేరాం. ఒడ్డంతా ఆవపూలు. తాయీ సుభద్రను ఎవరని అడగలేదు. ఎప్పుడూ చూసే మనిషిని చూసినట్టు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. సినిమాలో మిమ్మల్ని బేచారే అనిపించలేదు తాయీ అన్నాను. "అచ్ఛా" అని, పొయ్యి వెలిగించింది.

ఈసారి తిన్నాను. ఆకలి మీద ఉన్నాను, ఆవాల ఆకు కూర, పెనం మీంచి నేరుగా కంచంలోకి రొట్టె. మూడో రొట్టెకి చాలన్నాను. తాయీ ఇంకోటి తీసి చెయ్యి చాచింది. నేను మొహమాటంగా తల అడ్డంగా ఊపాను. వెనకాల మిషను తిరుగుతోంది. పిల్లలు అరుస్తున్నారు.

"ఇంకొక్కటి వేయించుకోండీ, ఆవిడ చెయ్యి నొప్పెట్టదూ?" అంది సుభద్ర.

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడే పక్కనుంచి ఒక మేక మెళ్లో గంట గలగలలాడిస్తూ వచ్చి తాయీ చేతిలోని రొట్టెను లాక్కుపోయింది. తాయీ వేళ్లు విచ్చుకున్నాయి. అందరూ ఫక్కున నవ్వారు. సుభద్రకు ఎక్కిళ్లు వచ్చినంత పని అయింది. వాచీ చూసుకున్నాను. పదకొండు దాటి ఇరవై నిమిషాలు.

తాయీ నవ్వుతూనే నా వంక చూసి, పిల్లలతో అంది: "ఆ రోజు నన్ను నవ్వించిన మెహమాన్లు వీళ్లే."

ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. పాత టేపు కాదు. ట్రాన్సిస్టర్ కాదు. సుభద్రకు ఆ మాట నేను చెప్పలేదు. చెప్పినా, మేకకు ఎవరు చెప్పారు? మూడు నెలల తర్వాతి ఒక నిమిషం ముందే నా టేపులోకి ఎలా వచ్చిందో నాకు తెలియదు. మాథుర్ సాబ్, దాదా ఇద్దరూ లేరు. తాయీని ఆ రోజే అడగాల్సింది, కానీ ఆమె అప్పటికే ఇంకో రొట్టె కాల్చి మళ్లీ చెయ్యి చాచింది. ఈసారి కంచం ముందుకు పెట్టాను.