తెబానో వంశపు రహస్య విద్య

మా తరావా దీవిలో కొన్ని వంశాలకు సొంత పోరు విద్యలున్నాయి. అవి పరాయివాళ్ల కంట పడకూడదన్నది కట్టుబాటు. తెబానో వంశం ఆ కట్టుబాటును ఎంత నిష్ఠగా పాటించిందంటే, చివరికి ఆ విద్య తెబానో కంట కూడా పడలేదు.

వాళ్ల తాత నిజంగానే గట్టివాడట. ముళ్లచేప తోలుతో చేసిన ఆయన యుద్ధపు టోపీ ఇప్పటికీ తెబానో ఇంటి దూలానికి వేలాడుతోంది, ఎలుకలు తినగా మిగిలింది. తండ్రి మాత్రం పదేళ్ల కొడుక్కి ఒక సాయంత్రం కాళ్లు ఎడంగా పెట్టి నిలబడటం నేర్పి, "మిగతాది రేపు" అన్నాడు. ఆ రేపు రాకముందే జ్వరమొచ్చి పోయాడు. ఆ సంగతి తెబానో ఎవరికీ చెప్పలేదు. విందుల్లో చేప తల ఆయన ముందుకే జరిగేది. తాగినవాళ్లు ఆయన్ని చూసి గొంతు తగ్గించేవాళ్లు. ఉత్తినే నిలబడి నలభై ఏళ్లు ఇంత గౌరవం సంపాదించినవాణ్ణి మా చర్చి కమిటీలో తప్ప ఇంకెక్కడా చూడలేదు నేను.

మంచివాడే, పాపం. తెల్లవారుజామున కొబ్బరిచెట్టెక్కి గీసిన తియ్యకల్లులో మొదటి సీసా మంచం పట్టిన మా అమ్మ కోసం మా అరుగు మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవాడు.

ఆయన మేనకోడలు తెరేసియా చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. వారం జీతాలిచ్చే శుక్రవారాల్లో ఆఖరి బస్సు దిగి, సముద్రపు అలలకు అడ్డంగా కట్టిన గోడ పక్కన నడిచి రావాలి. అదే గోడ మీద పులిసిన కల్లు బకెట్టు పెట్టుకుని మా ఊరి మగమహారాజులు కూర్చుంటారు. ఒక శుక్రవారం వాళ్లలో రుతేరు అనేవాడు ఆమె మణికట్టు పట్టుకుని లాగాడు. ఎలాగో విడిపించుకుని వచ్చింది. ఊరి పెద్దలు కూర్చుని విచారించి, చాలాసేపు ఆలోచించి, ఆడవాళ్లు పెందలాడే ఇల్లు చేరాలని తీర్మానించారు. బస్సుకి ఆ తీర్మానం అందినట్టు లేదు.

అప్పట్నుంచీ మేం నలుగురు ఆడవాళ్లం ప్రతి శుక్రవారం బస్సుకి ఎదురెళ్లి ఆమెను తీసుకొస్తున్నాం. ఇలా ఎన్నాళ్లని, మా మహిళా సంఘం పెద్ద మరేవే మమ్మల్ని వెంటబెట్టుకుని తెబానో ఇంటికి వెళ్లి చాప మీద కూర్చుంది.

"తెబానో, బుబుసి పెట్టి అడుగుతున్నాం. మీ వంశపు విద్య మా ఆడవాళ్లకు నేర్పు."

బుబుసి అంటే అయినవాళ్లని కోరి అడగడం; అలా అడిగితే కాదన్నవాడు మా దగ్గర మళ్లీ తలెత్తుకోలేడు. తెబానో దూలం మీది టోపీ వంక చూశాడు. అదేమీ సాయం చేయలేదు.

"బయటివాళ్లకు చూపించకూడదు కదక్కా," అన్నాడు నీరసంగా.

"మేం బయటివాళ్లమా? మీ నాన్నకు చివరి నీళ్లు పోసింది మా అమ్మే."

ఇంకేం చేస్తాడు? బుధవారం ప్రార్థన కాగానే మనేయాబాలో, అంటే ఊరంతా సభ కూర్చునే పెద్ద కప్పు కింద, పాఠాలు మొదలెట్టాడు. చెట్టెక్కడం, కల్లు గీయడం, చేప పొట్ట కోయడం మూడూ కలిపి ఒక విద్య తయారుచేశాడు. 'తాబేలు మెడ తిప్పు' అన్నాడు, 'సొరచేప తోక దెబ్బ' అన్నాడు. మేం మూడు వారాలు భక్తిగా నడుములు పట్టేయించుకున్నాం. పాస్టరుగారు వచ్చి చూసి కళ్లు మూసుకున్నారు. ప్రార్థిస్తున్నారనుకున్నాం.

అందరికన్నా బాగా నేర్చింది తెరేసియా. మూడో బుధవారం మరేవేతో అంది: "అత్తా, ఎల్లుండి మీరెవరూ రాకండి. నేనొక్కదాన్నే వస్తా. రుతేరుగాడికి తోక దెబ్బ రుచి చూపిస్తా."

అందరం చప్పట్లు కొట్టాం. తెబానో కొట్టలేదు. ఆయన ముఖం బూడిదరంగుకు తిరగడం నేను చూశాను.

శుక్రవారం తెరేసియాకు మధ్యాహ్నం పని. బయలుదేరే ముందు మాతో కూర్చుని చాపలు అల్లుతుంటే తెబానో వచ్చాడు. మధ్యలో నిలబడ్డాడు, కాళ్లు ఎడంగా పెట్టకుండా.

"ఆ విద్య నాకు రాదు," అన్నాడు.

"ఏ విద్య?" అంది మరేవే.

"ఏదీ రాదు. నిలబడటం ఒక్కటే నేర్పాడు నాన్న. మిగతాదంతా నా కల్పన."

"మరి నా నడుమో?"

"క్షమించక్కా."

ఒకరిద్దరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. తెరేసియా నవ్వలేదు. "ఇవాళ ఒక్కదాన్నే వచ్చేదాన్ని కదా మావయ్యా," అంది మెల్లగా.

"అందుకేనమ్మా చెప్పాను. నా పేరు పోతే పోయింది."

మరేవే చాప పక్కన పెట్టింది. "సరే, పనికొచ్చేది చేద్దాం. నువ్వే రుతేరువి. పట్టుకో దాని చెయ్యి. ఇంకా గట్టిగా. చెట్టెక్కేవాడివి, ఆ మాత్రం పట్టు లేదా?"

రోజంతా చేపపెట్టెలు మోసే చెయ్యి తెరేసియాది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, రాలేదు. ఆయన బొటనవేలు ఉన్న వైపుకి ఒక్కసారి గుంజింది. పట్టు ఊడిపోయింది!

"మరి ఆ రోజు అరవలేదేం?" అడిగింది మరేవే.

"సిగ్గేసిందత్తా."

"పట్టుకున్నవాడికి లేని సిగ్గు నీకెందుకే? గట్టిగా అరువు!"

అరిచింది. మేమూ అరిచాం. పందులు తాళ్లు తెంపుకున్నాయి. ఆ సాయంత్రం అందరం వెళ్లి ఆమెను తీసుకొచ్చాం. ఆపైన ప్రతి బుధవారం తెబానో రుతేరు అయ్యాడు. పదిమంది ఆడవాళ్లు వంతులవారీగా గుంజితే ఆయన బొటనవేళ్లు వాచాయి. చేప తల ఇప్పుడు ఇంకొకరి ముందుకు జరుగుతోంది.

రెండు నెలలకు ఒక శుక్రవారం గోడ మీంచి రుతేరు మళ్లీ లేచాడు. మేం మసకచీకట్లో పది అడుగులు వెనక వస్తున్నాం. వాడు పట్టుకున్నాడు, తెరేసియా గుంజింది, అరిచింది. మా ఇళ్లకు గోడలెక్కడివి? అన్నం కంచాలతో సహా ఊరంతా రోడ్డు మీదకొచ్చింది. అంతమంది ముందు రుతేరు కూలబడిపోయాడు.

సాయంత్రపు కల్లు గీతకు చెట్టు మీదున్న తెబానో రొమ్ము గీరుకుపోయేలా దిగి, అందరికన్నా చివర్లో పరుగెత్తుకొచ్చాడు. విద్య లేదన్న మాట రుతేరు నమ్మినట్టు లేదు, ఆయన్ని చూడగానే రెండు చేతులూ అడ్డం పెట్టుకున్నాడు. "పెద్దాయనా, ఆ విద్య మాత్రం నా మీద వెయ్యకు!"

తెబానో ఊపిరి తీసుకున్నాడు. "అది నాకు రాదురా. ఆ పిల్లకొచ్చు."

తెరేసియా ఆ గోడ మీదే కూర్చుంది. ఎవరో వేడి టీ గ్లాసు అందించారు. అది తాగేదాకా ఆగి, అందరం ఆమెతో ఇంటిదాకా నడిచాం.