మా ఆవిడ సైటేషన్ల లెక్క

మా ఆవిడకు ఇరవై తొమ్మిదేళ్లుగా కిడ్నీల మీద పరిశోధనే లోకం. పరిశోధన కేంద్రంలో అందరూ ఆమెను ‘రెండు చీటీల మేడమ్’ అంటారు. కణాలు పెంచే ప్రతి సీసాకీ మూత మీద ఒకటి, పక్కన ఒకటి చీటీ అంటిస్తుంది. ఇంట్లో ఉప్పు డబ్బాకీ అదే మర్యాద. నేను బడిలో డ్రాయింగు మాస్టారిని. ఆమె రాసిన ముప్పై నాలుగు పేపర్లలో నాకు అర్థమైంది ఆమె పేరొక్కటే.

అయినా ఆ పేపర్ల బాగోగులు చూసేది నేనే. వేరే పరిశోధకులెవరైనా తమ పేపర్లో ఈమె పేపరును ప్రస్తావిస్తే దాన్ని సైటేషన్ అంటారట. ఆ లెక్క ఫోన్లో ఎలా చూడాలో మా అమ్మాయి నేర్పింది. అప్పటినుంచి పొద్దున్నే టీ అందిస్తూ లెక్క చెప్పడం నా రెండో ఉద్యోగం. “నిన్నటికీ ఇవాళ్టికీ రెండు పెరిగాయోయ్” అంటే, “మీకేం పనిలేదా” అని విసుక్కుంటూనే “ఏ పేపరుకీ?” అని అడిగేది. ఎప్పుడూ దాదాపు ఒక్క పేపరుకే. దెబ్బతిన్న కిడ్నీ కణాలు ఒక మందుతో మళ్లీ కోలుకుంటాయని పదకొండేళ్ల కిందట రాసింది. దానికి నూరు దాటిన రోజు కప్పు కింద పెట్టి చిన్నపిల్లలా నవ్వింది. నేను రోజూ ఫోన్ చూసేది ఆ నవ్వు కోసమే.

కిందటేడు వాళ్ల విభాగాధిపతి పదవి ఖాళీ అయింది. ఆమెకే వస్తుందని అందరూ అనుకున్నారు, ఆమె కూడా ఎంతో ఆశ పెట్టుకుంది. ఇంటర్వ్యూ మూడు వారాలుందనగా ఎవరో ముక్కూమొహం తెలియని విద్యార్థిని ఈమెయిల్ పెట్టింది: “మేడమ్, ఆ మందు పేపర్లో మీరు రాసినట్టే ఏడాదిగా చేస్తున్నాను. ఫలితం రావడంలేదు. నా తప్పెక్కడుందో చెప్పగలరా?”

నేనైతే మరోసారి ప్రయత్నించమ్మా అని రాసి చేతులు దులుపుకునేవాణ్ణి. మా ఆవిడ ఫ్రీజర్లో దాచిన అప్పటి కణాల సీసా తీసి జన్యు పరీక్షకు పంపింది. ఫలితం ఇంటర్వ్యూకి నాలుగు రోజుల ముందు వచ్చింది. ఆ సాయంత్రం భుజానికున్న సంచీ కూడా దించకుండా వంటింట్లో స్టూలు మీద కూలబడింది.

“ఏమండీ, అందులో ఉన్నవి కిడ్నీ కణాలు కావు.”

“మరి?”

“పక్క సీసాలోవి. క్యాన్సర్ కంతి కణాలు. ఒకే మధ్యాహ్నం, ఒకే బల్ల మీద రెండింటికీ కణాలు పెరిగే ద్రవం పోసుంటాను. అందులోది ఒక్క చుక్క ఇందులో పడితే చాలు, అవి అసలువాటిని మిగలనివ్వవు. చీటీలు మాత్రం రెండూ సరిగ్గానే ఉన్నాయి.”

“ఎవరికీ తెలీదుగా. నాలుగు రోజులాగి చెబుదువులే,” అన్నాను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆమె కోప్పడలేదు. “ఆ పిల్ల ఏడాది పోగొట్టుకుందండీ,” అంది. తరిగిన కూరగాయలు పక్కకు జరిపి, ముందు ఆ విద్యార్థినికి రాసింది, తప్పు నీది కాదమ్మా, నాది అని. తర్వాత దాన్ని అచ్చువేసిన పత్రికకు రాసింది, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని. చూడమని నాకిచ్చింది. ఆమె రాతల్లో నాకు మొదటినుంచి చివరిదాకా అర్థమైనవి ఆ రెండే.

ఇంటర్వ్యూలో ఆ సంగతి తనే ముందు చెప్పింది. పదవి ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్నవాడికి వెళ్లింది. ఆమె రెండు రోజులు సరిగ్గా తినలేదు, మూడో రోజు పనిలో పడింది. నెలరోజులు మొహం మాడ్చుకుని తిరిగింది నేనే. ఫోన్ చూడటం మానేస్తే చివరికి ఆమే అడిగింది, “లెక్క చెప్పడంలేదేం?”

చూద్దును కదా, వెనక్కి తీసుకున్న పేపరుకు కూడా సైటేషన్లు పెరుగుతూనే ఉన్నాయి! చదవకుండా పేరెక్కించేసే మహానుభావులు అక్కడా ఉన్నారన్నమాట. దాంతో నా ఉద్యోగం తిరగబడింది. ఒకటి పెరిగిందంటే ఆమె మొహం చిన్నబోతుంది. టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆ రాసినవాళ్లకు ఈమెయిల్ పెడుతుంది, అది తప్పు పేపరు, దాన్ని నమ్ముకుని మీ పని పాడుచేసుకోకండి అని. అలా ఇప్పటికి నలభై ఒకటి రాసింది. పదకొండుమంది జవాబిచ్చారు. ఒకాయన తిట్టాడు కూడా.

మొన్న ఒకటో తారీకున ఫోన్ చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

“పోయిన నెల దానికి ఒక్కటి కూడా లేదోయ్,” అన్నాను.

“సరిగ్గా చూశారా?”

“రెండుసార్లు చూశాను. సున్నా.”

ఆమె కప్పు కింద పెట్టింది. నూరు దాటిన రోజు నవ్విన నవ్వే నవ్వింది.