పురిటిగది బాయిలరు

యాంగాన్‌ ఊళ్ళో తామ్వే పేటలో మా ఇల్లు నాలుగో అంతస్తు. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. కుక్కరులో బియ్యం సగం ఉడికి ఆగిపోయిన ఒక పూట మా తమ్ముడు ఎక్కడి నుంచో పొగరాని పొయ్యి అని ఒక రేకు డబ్బా మోసుకొచ్చి, నేను వద్దు వద్దంటున్నా వినకుండా బాల్కనీలో పెట్టి ముట్టించాడు. పొగరానిదేమిటి, నా తలకాయ! తడి చెక్క లోలోపల మగ్గి విడిచే ఆ వగరు వాసన, తారు కలిసిన ఘాటు తగలగానే నేను ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. వాడు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. వాడు పుట్టిన కొత్తలో ఈ వాసన పక్కనే పెరిగాడని వాడికి తెలీదు. నాకు తెలుసు. ఆ వాసన వస్తే చాలు, నా పాత కోపాలన్నీ లేచి కూర్చుంటాయి.

మేం పుట్టింది ఇదే ఊళ్ళో, పజుండౌంగ్‌లో, కాలువకి రెండు సందుల ఇవతల. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడట. ఆ కాలంలో మనవాళ్ళు యాంగాన్‌ని రంగం అనేవారు. మా మామ్మ, అంటే నాన్నని కన్నతల్లి, చివరిదాకా రంగం అనే అంది. చెక్క గోడలూ, రేకు కప్పూ, మట్టి నేలా ఉన్న ఇల్లు మాది. పొద్దున్నే వీధిలో మొహింగా కుండల నుంచి లేచే చేపల పులుసు ఆవిరి, మా వంటింట్లో నూరే వెల్లుల్లి కారం, కాలువ ఒడ్డున బియ్యం మిల్లుల నుంచి ఎగిరొచ్చే ఊక బూడిద, ఇవన్నీ కలిసిన గాలినే మేం పీల్చి పెరిగాం. ఆరేసిన బట్టల మీద బూడిద పడుతోందని అమ్మ రోజూ మిల్లుల్ని తిట్టేది. ఆ మిల్లు జీతమే మేం తింటున్నామన్న సంగతి ఆవిడకి పట్టేది కాదు. నాన్న ఒక మిల్లులో ఫిట్టరు. అక్కడి ఇంజనుకి డీజిలు అక్కర్లేదు. ఊకని గాలి చాలకుండా మగ్గబెట్టి, దాన్నుంచి పుట్టే గ్యాసుతో నడిపేవారు. దేశం తలుపులు బిగించుకుని కూర్చున్న కాలం అది, బయటి నుంచి ఒక్క మర కూడా రాదు, ఉన్నదాన్నే విప్పి, అతికి, మళ్ళీ బిగించాలి. ఆ పని నాన్నకి బాగా వచ్చు. వచ్చునన్న సంగతి ఆయనకి ఇంకా బాగా తెలుసు.

మామ్మకి ఇంకో విద్య ఉండేది. కాలువ గట్టున ఆవుల్ని కట్టే పాలవాళ్ళ దగ్గర పేడ తెచ్చి, ఎర్రమట్టి కలిపి, తెల్లవారేసరికి వంటింటి నేలా, పొయ్యీ అలికేసేది. కుడి అరచెయ్యి అర్ధచంద్రాకారంలో తిరుగుతూ పోతుంటే వెనక నేల చల్లగా, నున్నగా మెరుస్తూ ఉండేది. ఆ తడి ఆరకముందే మీద సన్నటి ముగ్గు పడేది, బియ్యప్పిండి దొరకని రోజుల్లో సున్నంతోనైనా సరే. పొయ్యి అలక్కుండా నిప్పు పెట్టడమంటే ఆవిడ దృష్టిలో మొహం కడుక్కోకుండా అన్నానికి కూర్చోవడమే. ఎక్కడైనా ఒక బీట కనిపించిందా, ఇంక ఆవిడకి అన్నం సయించదు. వానాకాలం మధ్యాహ్నాలు ఆ నేల మీద బోర్లా పడుకుని చింతపిక్కలాడుకుంటుంటే చెంపకి తగిలే చల్లదనం, మట్టీ పేడా కలిసిన ఆ పచ్చి వాసన నాకు ఇప్పటికీ కావాలనిపిస్తుంది. ఈ టైల్సు మీద పడుకుంటే నడుంనొప్పి తప్ప ఏమీ రాదు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో సైనిక పాలన పోవాలంటూ ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చేసింది. మిల్లు మూతపడింది, బడి మూతపడింది, దుకాణాలు ఒక పూట తీస్తే రెండు పూటలు మూసేవారు. ప్రతి సందు మొదట్లోనూ వెదురు అడ్డం కట్టి, ఇంటికొక మగవాడు చొప్పున వంతులేసుకుని కాపలా కాసేవారు. దూరంగా తుపాకులు పేలితే పెద్దవాళ్ళు మమ్మల్ని రెక్క పట్టి లోపలికి లాగేసేవారు. నాకప్పుడు పదేళ్ళు, దేశం సంగతి నాకేం తెలుసు, వానలో గెంతనివ్వడం లేదన్నదే నా ఏడుపు. అలాంటి రోజుల్లో, ఇంకా నెలలు నిండకుండానే అమ్మకి నొప్పులొచ్చేశాయి. ఆసుపత్రికి దారి లేదు. మా సందులోనే ఉండే మంత్రసాని డా తిన్, డా అంటే బర్మా భాషలో పెద్దావిడని పిలిచే మాట, గొడుగు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి పురుడు పోసింది. తమ్ముడు పుట్టాడు. పుట్టాడంటే పుట్టాడంతే, అరచేతిలో ఇమిడిపోయేటట్టు, ఏడవడానికి కూడా ఓపిక లేకుండా. ఈ బిడ్డ అమ్మ కడుపులో ఉన్నంత వెచ్చగా ఉంటేనే బతుకుతాడనీ, ఈ వాన గాలి వాడికి తగలకూడదనీ, రాత్రీ పగలూ గది కాగుతూనే ఉండాలనీ డా తిన్ బర్మా భాషలో గట్టిగా చెప్పి వెళ్ళింది.

గదిలో కుంపటి పెడితే పొగకి బిడ్డ ఉక్కిరిబిక్కిరవుతాడు. బొగ్గులు దొరకవు, కిరసనాయిలు దొరకదు. దొరికేదల్లా నది అవతల దలా వైపు నుంచి ధైర్యం చేసి పడవలో తెచ్చేవాళ్ళ దగ్గర కట్టెలు, అవీ వానలో నానినవే. అప్పుడు నాన్న, మిల్లు ఇంజనులాగే గ్యాసుతో మండే బాయిలరు కడతానన్నాడు. మనం స్నానానికి నీళ్ళు కాచుకునే రాగి బాయిలరు లాంటిది కాదు. నూనె పీపా ఒకటి తెచ్చి, దానికి పైన ఒక గదీ కింద ఒక గదీ చేశాడు. పై గదిలో కట్టెలు మంట లేకుండా మగ్గుతాయి. ఆ గ్యాసు మధ్యలో ఒక సన్నటి గొంతు గుండా కిందికి దిగుతుంది. అక్కడ బయటి గాలి తగిలితే నీలంగా భగ్గున మండుతుంది. ఆ మంటకి చుట్టూ ఉన్న నీళ్ళు కాగి, గొట్టంలో వాటంతటవే పైకెక్కి, గోడ దాటి పురిటిగది చుట్టూ తిరిగి, చల్లారి వెనక్కొస్తాయి. పీపా చుట్టూ ఇటుకలు పేర్చి, అడుగున వెనక వైపు గాలి కోసం వేలు పట్టేంత బెజ్జాలు వదిలాడు. సందులోవాళ్ళు వచ్చి చూసి పకపకా నవ్వారు. మామ్మ కూడా నొసలు ముడేసింది.

“ఉక్కకి సస్తన్న ఊర్లో సలి పొయ్యేటిరా?”

నాన్న వినలేదు. నిజం చెప్పద్దూ, అది పనిచేసింది. గది వెచ్చబడింది. మామ్మ మిరియాలూ శొంఠీ బెల్లం దంచి చేసిన కాయం అమ్మకి పెడుతుంటే ఆ ఘాటు, సాంబ్రాణి వాసన, గొట్టాల వేడి కలిసి గది గదంతా ఒక ఒడిలా ఉండేది. తమ్ముడి గోళ్ళకి ఎరుపు వచ్చింది. పాలు లాగడం మొదలెట్టాడు. నాన్న అయితే మీసం మెలేస్తూ, నవ్విన ప్రతివాణ్ణీ పిలిచి నీలం మంట చూపించేవాడు. పీపా పై మూత దగ్గర మాత్రం కొంచెం పొగ కారేది. అది చూసి ఒకరోజు మామ్మతో అన్నాడు, నేను అక్కడే ఉన్నాను.

“పొగ కారిన సోటల్లా మట్టి ఎట్టీ అమ్మా. ఒక్క బీట ఉండకూడదు.”

పురిటి మైల ఉన్నన్నాళ్ళూ మామ్మ ఆ బాయిలరుని అలకలేదు. మైల తీరాకే శుద్ధి. పురుడు కడిగే రోజు పొద్దున్న, నాన్న సందు మొదట కాపలాకి వెళ్ళిన వేళ, ఆవిడ ఇల్లంతా కడిగి, అలికి, చివరికి నిప్పు తగ్గిన బాయిలరు దగ్గర కూర్చుంది. మనవడిని నిలబెట్టిన పొయ్యి కదా, ఎంత శ్రద్ధగా అలికిందో! కొడుకు ఒక్క బీట ఉండకూడదన్నాడు. పైనా, పక్కలా, ఆఖరికి వెనక వైపు వంగి అడుగునా, కనబడిన ప్రతి సందులోనూ మట్టి కూరి, నున్నగా చేసి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ముందు ముగ్గేసింది. అంత అందమైన పొయ్యిని నేను మళ్ళీ చూడలేదు.

నాన్న వచ్చి కట్టెలు వేశాడు. మంట లేదు. పై మూత నుంచి పసుపు పచ్చటి పొగ, కళ్ళు పొడిచే పొగ. కొత్తగా తెచ్చిన కట్టెలు తడివని వాటిని తిట్టాడు. మా మంచం పట్టెలు విరగ్గొట్టి వేశాడు, అవి ఎండు చెక్కే, అయినా పొగే. గొట్టం విప్పాడు, ఊదాడు, మళ్ళీ బిగించాడు. మూత తీస్తే మొహం మీదికి కొట్టింది, కనుబొమలు కాలాయి. వానని తిట్టాడు, ప్రభుత్వాన్ని తిట్టాడు, కట్టెలమ్మినవాణ్ణి తిట్టాడు. అలికిన మట్టి కళ్ళెదురుగానే ఉంది. తను చెప్పిందే చేసింది కదా అనుకున్నాడు కాబోలు, అటు చూడలేదు. గొట్టాలు చల్లబడిపోయాయి. మధ్యాహ్నానికి తమ్ముడి పెదాలు నల్లబడ్డాయి, పాలు నోట్లోంచి కారిపోతున్నాయి. డా తిన్ వచ్చి, వాణ్ణి అమ్మ రొమ్ముకి ఆనించి దుప్పట్లు కప్పి, పక్కనే కూర్చుంది. ఇంత చేతకాని మనిషా మా నాన్న అని నాకు పళ్ళు కొరుక్కోవాలనిపించింది.

అప్పుడు మంచం మీద నుంచి అమ్మ నీరసంగా అడిగింది.

“ఇదిగో, గోడవతల అది గుయ్యిమని గాలి లాగీది కదా. పొద్దుట్నుంచీ ఆ సప్పుడు నేదేటి?”

నాన్న పరుగున పోయి బాయిలరు వెనక బోర్లా పడుకుని, చేత్తో తడిమి, సైకిలు పుల్ల పెట్టి పొడవడం మొదలెట్టాడు. ఆరి గట్టిపడ్డ మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. ఒక్కో బెజ్జం తెరుచుకుంటుంటే గాలి బుస్సుమంటూ లోపలికి పోయింది, కింది గదిలో నీలం మంట అందుకుంది. నాన్న లేచాడు. మొహమంతా మసి. మామ్మ అక్కడే, తడి చేతుల్తో నిలబడి ఉంది.

“నీ సేత్తోనే నా కొడుకుని సంపీసీదానివి గదే అమ్మా.”

నువ్వే కదరా మట్టి పెట్టమన్నావని మామ్మ అనొచ్చు, అనలేదు. చేతులు చీర కొంగుకి తుడుచుకుంది.

సాయంత్రానికి గది కాగింది. తమ్ముడు బతికాడు. గొడవలు అణిగాయి, మిల్లు మళ్ళీ తెరిచారు, నాన్న బాయిలరు విప్పి పీపాని నీళ్ళకి వాడుకున్నాడు. మామ్మ మాత్రం ఆ రోజు తరవాత పొయ్యి అలకలేదు. నేలా అలకలేదు, ముగ్గూ వెయ్యలేదు. అమ్మ బతిమాలింది, నేను పేడ తెచ్చి ముందు పెట్టాను, ఉహూఁ. వంటింటి నేల బీటలు తీసింది. ఆ బీటలు చూస్తూ నాన్న అన్నం తినేవాడు. అమ్మ ఒకసారి ఆ మాట ఎత్తబోతే కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయాడు. మట్టి పెట్టమన్నది నేనే అమ్మా, అని ఒక్క ముక్క! దానికేం ఖర్చు? నాకు ఒళ్ళు మండిపోయేది, ఇప్పటికీ మండుతుంది.

మామ్మ మంచాన పడ్డాక నాన్న రోజూ తనే నీళ్ళు కాచి, చన్నీళ్ళతో తొరిపి, మోసుకొచ్చి ఆవిడ కాళ్ళు కడిగేవాడు. ఆ ముక్క తప్ప అన్నీ చేశాడు. చివరి రోజుల్లో ఆవిడకి మతి నిలకడగా ఉండేది కాదు. పక్క మీద దుప్పటిని కుడి అరచేత్తో గుండ్రంగా అలుకుతూ, అంచు దగ్గరికి రాగానే ఆగి, భయంగా నా మొహం చూసేది.

“ఇక్కడ బెజ్జం ఉందేటి సూడే. నాను మూసీనేదు కదా?”

మూయలేదు మామ్మా అంటే మళ్ళీ అలికేది, మళ్ళీ ఆగేది. నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. విని, నీళ్ళు కాచడానికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ సందులో చెక్క ఇళ్ళు లేవు, మట్టి నేల ఎక్కడా లేదు, కాలువ గట్టున ఆవులు లేవు. మామ్మ లేదు, నాన్నా లేడు. ఆ పూట బాల్కనీలో పొగ మధ్య కూర్చుని తమ్ముడికి ఇదంతా మొదటిసారి చెప్పాను. వాడు పొయ్యిని ఊదుతూ, తల కూడా ఎత్తకుండా అన్నాడు.

“మామ్మ తప్పేటుందక్కా? నాన్న సెప్పిందే కదా సేసింది.”

ఎంత సులువుగా అనేశాడో. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను, ఎవరి మీదో తెలియని కోపంతో ఏడుస్తూ.