ధనమ్మక్క ఫోటోల కింద మాటలు

ధనమ్మక్కకు ఏదైనా అర్థం కాలేదంటే ఎదుటివాడికి తలనొప్పి మొదలైనట్టే. తమిళనాడులోని హరూర్ బస్టాండు వెనక ఆమె ఫోటో స్టూడియో, నా జెరాక్స్ షాపు పక్కపక్కనే కాబట్టి ఆ ఎదుటివాణ్ణి ఎక్కువసార్లు నేనే.

ఆమె పని కాదుకుత్తు ఫోటోలు తీయడం. కులదేవత గుడి దగ్గర పిల్లల్ని మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి చెవులు కుట్టించే వేడుకను మా తెలుగిళ్లల్లోనూ తమిళంలో అలాగే అంటాం. ఇప్పుడు ప్రతి చిన్నాన్న చేతిలోనూ మంచి కెమెరా ఉన్న ఫోను ఉంది. బేరాలు పడిపోయాయి. స్టూడియో గది ఆమె బావ మారెప్పది. ఆయన ఒకరోజు వచ్చి గుమ్మంలోనే నిలబడి తేల్చేశాడు.

"ఆడి నెల దాకా చూస్తా ధనం. నీ ఇంటర్నెట్ నుంచి ఒక్క బేరమన్నా వస్తే సరే. లేకుంటే గది సెల్‌ఫోన్ షాపోళ్లకి ఇచ్చేస్తా."

ఆడి అంటే తమిళుల ఆషాఢం. ఇంటర్నెట్ అంటే ఆమె బ్లాగు. ఏళ్లుగా తీసిన మంచి ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. బావ వెళ్లగానే ఫోను తెచ్చి నా ముందు పెట్టింది.

"చూడు తమ్ముడూ, గూగుల్లో కొడితే నాదే మొదట వస్తా ఉండాది. మరి ఏంటికి ఒక్కరూ ఫోన్ చెయ్యరు?"

ఆమె కొట్టింది తన బ్లాగు పేరు. "నీ పేరు తెలిసినోళ్లకే దొరుకుతా ఉండావక్కా. తెలియనోళ్ల సంగతేంది?" అంటూ నా కంప్యూటర్లో 'హరూర్ కాదుకుత్తు ఫోటో' అని కొట్టాను. సేలం వాళ్లు వచ్చారు, ధర్మపురి వాళ్లు వచ్చారు, ఎందుకో ఒక చీరల కొట్టు కూడా వచ్చింది. ధనమ్మక్క మాత్రం ఎక్కడా లేదు. ఆమె ముఖం చూసి నాకే బాధేసింది.

ఆమె బాధ కాసేపే. వెంటనే ఆరా మొదలైంది. "ఇన్ని ఫోటోలు పెట్టినా కదా, దానికి కనపడవా?"

బ్లాగు తెరిచి చూశాను. ఫోటోలు అద్భుతం, కింద ఒక్క మాట లేదు. పిల్ల పేరు లేదు, ఊరు లేదు. పైగా ప్రతి పిల్ల బుగ్గ మీదా కంప్యూటర్లో దిద్దిన నల్లటి దిష్టి చుక్క. పేరు, ఊరు నలుగురికీ తెలిస్తే దిష్టి తగులుతుందని తల్లులు ఒప్పుకోరట.

"గూగుల్ ముందు అక్షరాలు చదువుతుందక్కా. పిల్లల్ని దాచినావు, వాళ్లతో పాటు నువ్వూ దాక్కున్నావు."

పేర్లు రాయమని పోరు పెట్టాను. తల్లులకిచ్చిన మాట తప్పనని ఆమె ససేమిరా అంది. అయితే గది ఖాళీ చేసుకో అని విసుక్కున్నాను. ఆమె నా విసుగును దులిపేసుకుని, పేర్లు కాకపోతే ఇంకేం రాయొచ్చో కనుక్కోవడానికి బస్టాండులోకి నడిచింది.

ఆ రోజు నుంచి చంటిపిల్లతో బస్సు కోసం నిలబడ్డ ఏ తల్లినీ వదల్లేదు. "కాదుకుత్తు గురించి ఫోన్లో ఏమని వెతుకుతావమ్మా?" అని అడిగేది. ఫోటోగ్రాఫర్ కోసం వెతుకుతామన్నవాళ్లు దాదాపు లేరు. వాళ్ల అనుమానాలే వేరు. ఆడపిల్లకు ముందు ఏ చెవి కుట్టాలి? పిల్ల తల తిప్పేస్తే ఎట్లా? కంసాలిని మనమే తీసుకుపోవాలా? ధనమ్మక్క ఉత్సాహంగా తిరిగొచ్చి, వీటన్నిటికీ జవాబులు తన ఫోటోల్లోనే ఉన్నాయంది. ఒక్కో ఫోటో కింద ఒక్కో ప్రశ్న, దానికి జవాబు తమిళంలో రాయసాగింది. ఫోటో ఫైళ్లకు కెమెరా ఇచ్చిన అంకెలు తీసేసి, మాటలతో పేర్లు నేను పెట్టాను.

ఒకరోజు మాత్రం ఉత్సాహం లేకుండా తిరిగొచ్చింది. కడత్తూరు బస్సెక్కుతూ ఒకామె అడిగిందట, మేనమామ లేని పిల్లను ఎవరి ఒళ్లో కూర్చోబెట్టాలని. ధనమ్మక్క బీరువాలోంచి ఒక ఫోటో తీసి నాకిచ్చింది. అందులో పసిపిల్లగా ఆమె కూతురు, ఒళ్లో పెట్టుకున్నది ధనమ్మక్క తల్లి మూకాయి, చెవి దగ్గర కంసాలి చెయ్యి. వెనక పరిచిన చాప ఖాళీ.

"నాకు అన్నదమ్ములు లేరు, నాయన లేడు. అమ్మ ఒళ్లో పెడదామంటే, మొగుడు పోయిన మనిషి ఒళ్లో వద్దని అందరూ లేచిపోయినారు. బావ కూడా. అమ్మను కూర్చోమని నేనే తీసినా ఈ ఫోటో."

"పెడితే మారెప్పకు కోపం రాదా? గది ఆయనది."

"వస్తుంది. ఆ యమ్మ అడిగినదానికి జవాబు ఇదే కదా మరి."

పెట్టింది. కింద రాసింది: 'మేనమామ లేకుంటే అమ్మమ్మ ఒడి చాలు. మేము అట్లే చేసినాము. పిల్ల చల్లగా ఉంది.'

వారాలు గడిచాయి, ఒక్క ఫోనూ రాలేదు. ఆడి నెల పుట్టింది. మారెప్ప సెల్‌ఫోన్ షాపతన్ని వెంటబెట్టుకొచ్చి గది కొలవడం మొదలుపెట్టాడు. ధనమ్మక్క ఫోటోల వెనక కట్టే తెరలు మడుస్తోంది. అప్పుడు ఫోను మోగింది. చేతులు ఖాళీ లేక స్పీకర్లో పెట్టింది.

"అక్కా, నేను హోసూరు నుంచి కవిప్రియను. నాకు అన్నదమ్ములు లేరు, నాయన పోయినాడు. మా అమ్మ ఒళ్లో వద్దని మా అత్త మొండికేసింది. మీ ఫోటో చూపించినా. చానాసేపు చూసి సరే అనింది. ఫోటోలకి మీరే రావాల."

మారెప్ప చేతిలో టేపు ఆగిపోయింది. బేరం వచ్చినందుకు ధనమ్మక్క సంబరపడుతుందనుకున్నాను. ఆమెకు కావలసింది ఇంకొకటి.

"ఫోన్లో ఏమని కొట్టినావమ్మా?"

"'అమ్మమ్మ ఒళ్లో చెవులు కుట్టొచ్చా' అని. నాదీ ఒక మాట అక్కా. ఆ ఫోటోలో చాప ఖాళీగా ఉండాదే, ఆడ కూర్చున్నోళ్లంతా ఏంటికి లేచిపోయినారు?"

ధనమ్మక్క తెర కింద పెట్టి బావ వైపు చూసింది.

"వాళ్లల్లో ఒకాయన ఈడే ఉండాడు. అడుగు," అని ఫోను ఆయన చేతికిచ్చింది.