టోకెన్ లేకుండా తిరిగిన బ్యాటరీ బండి

ఎవరికైనా దెయ్యం పట్టి ఊగుతున్నారంటే, ముందు కడుపునిండా అన్నం పెట్టి చూడండి అనే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇందులో తెల్లచీరలు లేవు, అర్ధరాత్రీ లేదు. పట్టపగలు, అన్నాల వేళ, నా కళ్లముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

ఎనభైల్లో మా ఆయన నడికుడి స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. అప్పటికింకా మీటర్‌గేజే. రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఒకరోజు పాసింజర్‌లో ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పత్రిక ఇంటికి తెచ్చాడు. అందులో రెండు పెట్టెల రైలు ఫొటో ఉంది. ఏదో దేశంలో బొగ్గూ డీజిలూ లేకుండా, ఒట్టి బ్యాటరీలతో జనాన్ని ఎక్కించుకుని నడుస్తుందా లేదా అని ప్రయోగంగా తిప్పిన బండి అట. స్టేషన్ మాస్టరు గారు చదివి చెప్పారు. ఇక మా ఆయనకు అన్నం సయిస్తే ఒట్టు.

డాల్డా డబ్బా రేకు కత్తిరించి, పాడైన టేప్‌రికార్డర్‌లోని మోటారు పెట్టి, చెక్క మీద గుండ్రంగా పట్టాలు పరిచి అచ్చం అలాంటి బండే చేశాడు. టార్చిలైటు సెల్లులు పెట్టె అడుగున ఇమిడిపోయాయి. నా గోళ్లరంగు బ్రష్షుతోనే కిటికీలకు రంగేశాడు. అన్నీ పెట్టాడు గాని స్విచ్ పెట్టలేదు. డ్రైవర్ కిటికీ పక్కన రెండు మేకులు దిగ్గొట్టి, వాటికి తగిలించేందుకు ఒక ఇత్తడి రింగు చేశాడు. అది తగిలిస్తేనే కరెంటు కలిసి బండి కదిలేది.

"స్విచ్చి పెడితే పోయేదానికి ఈ రింగు గోలేంది?" అన్నాను.

"టోకెన్ ఇయ్యకుండా బండి ఎట్టా కదులుద్దే?" అని నా మీదే కసురుకున్నాడు.

ఆయన ఉద్యోగం అలాంటిది. మాది ఒకటే లైను. రెండు బండ్లు ఎదురుపడకుండా, రింగుకు కట్టిన టోకెన్ అనే గుర్తు డ్రైవర్ చేతికి అందందే బండి స్టేషన్ దాటకూడదు. అందించేది ఈయన. బొమ్మబండికైనా రూలు తప్పే మనిషి కాదు. రింగు మేకులకే వదిలేస్తే సెల్లులు అయిపోతాయని ఎప్పుడూ చొక్కా జేబులోనే పెట్టుకునేవాడు.

ఒక ఎండాకాలం ఆయనకు కామెర్లు ముదిరిపోయాయి. నరసరావుపేటలో ఆసుపత్రిలో చేర్చాం. అక్కడికీ ఆ రింగు జేబులోనే వచ్చింది. డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఆశ పెట్టుకోవద్దమ్మా" అన్నారు. ఆ మాట మా అత్తకు చెప్పే ధైర్యం లేక, ఆమెను ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఉతికిన బట్టలు తెస్తానని నడికుడి బస్సెక్కాను.

ఇంటికి రాగానే పక్క క్వార్టర్ ఖాసింబీ అక్క అన్నం, పప్పు తెచ్చింది. వసారాలో కూర్చుని నాలుగు మెతుకులు నోట్లో పెట్టుకున్నానో లేదో, లోపల గరగరమని చప్పుడు. ఎలుక అనుకున్నాం. వెళ్లి చూస్తే బండి పట్టాల మీద తిరుగుతోంది.

మేకులకు రింగు లేదు.

"సెల్లులున్నయ్యేమో చూడవే," అంది ఖాసింబీ అక్క.

ఉండవని నాకు తెలుసు. ఆసుపత్రికి వెళ్లేముందు నేనే తీసి టార్చిలో వేసుకున్నాను. అయినా బండిని చేత్తో ఎత్తి తిరగేశాను. అడుగు ఖాళీ. నా చేతిలో చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎండకు ఇల్లంతా కాలిపోతుంటే ఆ రేకు మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. భయంతో దాన్ని పట్టాల మీద పడేశాను. మళ్లీ తిరిగింది. కాసేపటికి దానంతటదే ఆగింది.

ఆయన పోయాడనుకున్నాను. చెయ్యి కూడా కడుక్కోకుండా బస్సుకు పరిగెత్తాను. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను.

వార్డులో అడుగుపెట్టగానే ఖాళీ మంచం కనపడి కేక పెట్టాను. తీరా చూస్తే అది పక్క మంచం. మా ఆయన దిండుకు ఆనుకుని బార్లీ నీళ్లు తాగుతున్నాడు.

"పక్క మంచం పెద్దాయన అన్నాలప్పుడు పోయాడమ్మా," అంది మా అత్త. వెల్దుర్తి వైపు రైతు. రైలెక్కి ఎరగని మనిషని వాళ్ల కోడలు చెప్పిందట.

మా ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "పొద్దుట్నించీ ఒకటే సతాయింపు. నీ జేబులోది ఇయ్యి నాయనా, ఇస్తే నేను బోతా అంటాడు. జేబులో ఏముందో ఆయనకెట్టా తెలుసో మరి. చానా పెద్దాయన గదా, పోనీలే అని రింగు చేతిలో పెట్టా. గుప్పిట మూసి, కళ్లు మూసుకున్నాడు."

ఆ గుప్పిట విప్పడం ఎవరివల్లా కాలేదట. అలాగే ఊరికి తీసుకుపోయారు.

ఆ మర్నాటి నుంచే మా ఆయన ఒళ్లు తేరుకుంది. ఇలా అరుదుగా జరుగుతుందని డాక్టరు గారు అన్నారు. కావచ్చు, కాదనను. ఇంటికొచ్చాక బండిని విప్పి చూశాడు. మోటారు వైర్లు మామూలుగానే ఉన్నాయి. సెల్లులు లేని బండి ఎలా తిరిగిందో ఆయనకూ అంతుపట్టలేదు, ఇన్నేళ్లయినా నాకూ అంతుపట్టలేదు. ఖాసింబీ అక్క చూడకపోయి ఉంటే నాకే పిచ్చి పట్టిందనుకునేదాన్ని.

ఇంకో రింగు చేసుకోమని ఒకసారి అన్నాను.

"ఒక టోకెన్ బయటుండంగా ఇంకోటి ఎట్టా తీస్తారే? ఆయన అవతల స్టేషన్లో అప్పజెప్పిందాకా ఈ లైను మీదకి రెండో బండిని వదలరు. అందుకేగా నేనింకా ఈడున్నా," అన్నాడు. ఎగతాళిగా అనలేదు. డ్యూటీలో మాట్లాడినట్టు అన్నాడు.

ఆయన రిటైరై చాలాకాలమైంది. మధ్యాహ్నం వసారాలో కునుకు తీస్తుంటే, ఊపిరి ఆడుతోందా లేదా అని నేను పనులు మానుకుని చూస్తుంటాను. ముక్కూ మొహం తెలియని ఆ వెల్దుర్తి పెద్దాయన ఇంకా దారిలోనే ఉండాలని, ఎక్కడికీ చేరకూడదని రోజూ దణ్ణం పెట్టుకుంటాను.