ఆరు నెలల వంతు

అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళో మా కాలనీ లేవకముందు ఇక్కడంతా పొగాకు పొలాలేనట. పెరటి కంచె అవతల సన్నటి వాగు ఉంది. ఆ వాగు పేరు ఈమధ్య ఒక పాత కాగితంలో కనబడింది.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, పాత వీలునామాలు టైపు చేసిపెట్టే పనికి లైబ్రరీలో పేరిచ్చాను. రెండు వందల ఏళ్ళ నాటి చేతిరాత. మగవాళ్ళవి పొలాల సరిహద్దులతో విసుగు పుట్టించేవి. భర్త పోయిన ఆడవాళ్ళవి అలా కాదు. భూమి ఎలాగూ కొడుకులకి పోయేది, వాళ్ళ చేతిలో మిగిలింది ఇంటి సామానే. పరుపు ఎవరికి, రాట్నం ఎవరికి, సొట్టపోయిన ఇత్తడి గిన్నె ఎవరికి అని విడమరిచి రాసుకున్నారు. నేనూ భర్త పోయినదాన్నే, అందుకేనేమో కాఫీ చల్లారిపోయినా పట్టించుకోకుండా చదివేదాన్ని.

మా వాగు పేరు కనబడిన వీలునామా దాని ఒడ్డునే ఉండే ఒకావిడది, ఆవిడకి ఇద్దరు కూతుళ్ళు. పెద్ద కూతురికి గిన్నెలు, చిన్న కూతురికి ఆవు. ఆవు తర్వాతి వరసలో ఒక బానిస ముసలామె. పేరు రాయలేదు. పని చేసే వయసు దాటింది కాబట్టి ఆరు నెలలు పెద్దమ్మాయి, ఆరు నెలలు చిన్నమ్మాయి తిండి పెట్టాలట.

అంతకు ముందు వారమే లాయరుకి నేనూ అచ్చం అదే చెప్పి వచ్చాను.

నాకు గుండె ఆపరేషన్ ఖాయమైంది. ఇంట్లో ఉండేది నేనూ, ఎనభై ఎనిమిదేళ్ళ మా అత్తయ్యా. నేను తిరిగి రాకపోతే ఆవిడ ఎక్కడుండాలి? "సిక్స్ మంత్స్ నా దగ్గర ఓకే అమ్మా, తర్వాత అక్క పిక్ చేసుకుంటది కదా" అంది మా చిన్నమ్మాయి ఫోన్‌లో. సమానంగా పంచానని మురిసిపోయాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది. అత్తయ్యకి మాత్రం ఆపరేషన్ సంగతి చెప్పలేదు.

ఆ ముసలామె తర్వాత ఏమైందోనని వెతికాను. పెద్ద కూతురి కాగితాల ప్రకారం ముసలామె ఉన్నది చెల్లెలి ఇంట్లో. చెల్లెలి కాగితాల ప్రకారం అక్క ఇంటికి వెళ్ళిపోయింది. రెండిళ్ళకీ మధ్య ఉన్నది ఈ వాగే. ఆ తర్వాత పట్టపగలు కూడా వంటింటి కిటికీలోంచి అటు చూడబుద్ధి కాలేదు.

"ఇవాళ ఎవరిది చదివావే?" అని అత్తయ్య రోజూ భోజనాల దగ్గర అడుగుతుంది. అవి వెతికిన రోజూ అడిగింది. పరధ్యానంలో ఆరు నెలల వంతు దాకా చెప్పేశాను. ఆవిడ మజ్జిగ తాగి, లేచి గదిలోకి వెళ్ళింది.

కాసేపటికి వెళ్ళి చూస్తే మంచం మీద చీరలు రెండు కుప్పలుగా పెట్టి ఉన్నాయి.

"ఏంటత్తయ్యా ఇదంతా?"

"ఇవి పెద్దదాని ఇంటికి, అవి చిన్నదాని ఇంటికి."

"అది ఎవరి కథో అత్తయ్యా. ఎప్పటిదో."

"చిన్నదానితో ఫోన్‌లో నువ్వన్నది విన్నాలే. ఇదేదో ఊళ్ళో వాళ్ళ కథ అనుకోడానికి నాకేం చెవుడు లేదు." చీర మడత సరిచేస్తూ నా వైపు చూసింది. "నువ్వు పోతేనే గదే నన్ను పంచుకునేది. ఎప్పుడు?"

"వచ్చే సోమవారం ఆపరేషన్. ఏమీ కాదన్నారు" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి వాగు వైపు చూసింది. తర్వాత రెండు కుప్పలూ కలిపేసి ఒక్క సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

"దానింటికీ వద్దు, దీనింటికీ వద్దు. నువ్వెక్కడికి పోతే నేనూ అక్కడికే వస్తా" అంది, గుడికి బయల్దేరుతున్నంత మామూలుగా.

మా అత్తయ్య అన్నంత పనీ చేసే మనిషి. ఆపరేషనంటే నాకు మొదటిసారి భయమేసింది.